మొగుణ్ణి వంతకు నిలబెట్టిన రామేశ్వరమ్మ

నాగన్న తంబూర మీద చెయ్యి వేసేదాకా రామేశ్వరమ్మ నోరు తెరవలేదు. అంతవరకూ ఊరి చావడి ముందర కొంగు నడుముకు బిగించి, వక్కాకు నములుతూ, ఎవరింటి తగవో చూడవచ్చినదాని మాదిరి నిలబడింది.

తగవు ఆమెదే. కథ చెప్పే తంబూర ఆమె భుజం మీద ఉండాలా, మరిది నాగన్న భుజం మీదా అన్నది తగవు. ఆమె మొగుడు దేవేంద్రప్ప చుట్టుపక్కల పల్లెలన్నింటా తంబూర మీటుతూ కథలు చెప్పేవాడు. ఇద్దరు పెళ్ళాలు చెరొక పక్కన నిలబడి, మట్టి గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవాళ్ళు. పెద్దది రామేశ్వరమ్మ, చిన్నది సుంకులమ్మ. అంతకు ముందరి చలికాలంలో దేవేంద్రప్ప గొంతు పోయింది. పోయిందంటే మూగవాడు కాలేదు. పుంజును మెడ పట్టి నులిమినట్టు ఒక కీచు మిగిలింది. అన్న గొంతు ఇంక రాదని తెలిసీ తెలియకముందే, తంబూర తనదని తమ్ముడు నాగన్న పంచాయితీ పెట్టించాడు.

యాభై మూడో సంవత్సరం ఎండాకాలం అది. కర్నూలు రాజధాని అవుతుందని అంగళ్ళ ముందర పనిలేనివాళ్ళంతా చెప్పుకుంటున్న రోజులు. నల్లవాగుదిన్నె మాత్రం కోసిగి దాటి పోతే, ఇంక ముందర మనుషులుండరేమో అనుకున్నచోట వచ్చే ఊరు. పేరులో వాగుంది. ఊళ్ళో లేదు.

చావడి నడుమ కూర్చున్నది నరసింహారెడ్డి. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ వైపు తల ఊపడమే ఆయన చేసే పెత్తనం. ఎదురింటి తలుపు వారగా నిలబడి చేటలో శనక్కాయలు చెరుగుతున్నది ఆయన భార్య సుబ్బరత్నమ్మ. చేటలో తాలు ఒక్కటీ లేదు, పొద్దున్నే చెరిగేసింది. కడప దగ్గర పుట్టి, ఈ పర్రెలు విచ్చిన నేలకు కోడలై వచ్చిన మనిషి. బడిలో మూడో తరగతి దాకా పోయింది. అంతకు మించి పోకపోవడం బడికే నష్టమని ఆమె నమ్మకం. డబ్బును దుడ్లు అని, సగం మాటను కన్నడంలోకి జార్చే ఈ పడమటి జనం తగవులాడుతుంటే వినడం ఆమెకు ఏవగింపు. అందుకే ఒక్క తగవు కూడా వదిలేది కాదు.

"తంబూర మా తాతది," అన్నాడు నాగన్న. "మగోల్ల బుజం మీదనే ఉండల్ల. ఆడది తంబూర ఏసుకోని కథ చెప్తే ఊరికి వాన రాదు. ఇది నేను పుట్టిచ్చిన మాట కాదు రెడ్డీ, పెద్దోల్లు చెప్పిన మాట."

రెడ్డి తల ఊపాడు.

రామేశ్వరమ్మ నోట్లోని వక్కాకు పక్కకు ఊసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మరిదీ, ఒగ మాట అడుగుతా, చెప్పు. మీ తాత మగోడేనా?"

"ఏం మాటలు వదినా అవి? మగోడే."

"మీ నాయన?"

"మగోడే."

"మీ యన్న సంగతి నాకు తెల్సులే, అడగను." జనం కిసుక్కుమన్నారు. "మీరంతా మీసాలు మెలేసుకోని ఇన్నేండ్లూ వాయించినారు గదా. యాడప్పా వాన? రోంత చూపిచ్చు, కడవ తెచ్చుకుంటా."

చావడి చావడంతా పకపకలాడింది. నవ్వనిది నాగన్న ఒక్కడే. రామేశ్వరమ్మ రెడ్డి వైపు తిరిగింది.

"మగోల్లు వాయిస్తే రాని వాన, నేను వాయిస్తే కొత్తగా రాకుండా పోతాదా సామీ? ఈ నేల ఇంతకన్నా ఎండుతాదా? నువ్వే చెప్పు."

రెడ్డి తల ఆమె వైపు ఊగింది. ఊపి ఊరుకుంటే రెడ్డి ఎట్లా అవుతాడు? ఒక మెలిక పెట్టాడు. తంబూర రామేశ్వరమ్మ దగ్గరే ఉండవచ్చు. చుట్టుపక్కల పల్లెల్లో కథ చెప్పుకునే హక్కూ ఆమెదే. కానీ ప్రతి యేడూ మారెమ్మ జాతరలో, దీపాలు పెట్టే వేళకు, ఆనవాయితీ ప్రకారం రెండు పక్కలా రెండు వంతలతో కథ మొదలుకావాలి. ఒక్క యేడు తప్పినా తంబూరా, పల్లెలూ నాగన్నవి. ఒక చేత్తో బువ్వ పెట్టి, ఇంకో చేత్తో విస్తరి కొస పట్టుకొని కూర్చోవడం తన మొగుడి న్యాయమని సుబ్బరత్నమ్మకు కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలుసు.

రామేశ్వరమ్మ గెలిచింది, సరే. గెలిచిన మనిషి గమ్మున ఇంటికి పోవచ్చు గదా? పోదు. అక్కడికక్కడే తంబూర భుజానికెత్తుకొని, రెడ్డి మీసాల మీద ఒక పదం కట్టి, వీధి మలుపు తిరిగేదాకా మీటుకుంటూ పోయింది. గెలుపు ఒక్కటే ఆమెకు చాలదు. గెలిచినట్టు ఊరు ఊరంతా వినాలి.

ఇంతా చేసి ఆ వాయింపు ఏమంత వాయింపు? తంబూర అంటే ఎట్లా మోగాలో సుబ్బరత్నమ్మ తన పుట్టింటి దిక్కు తిరునాళ్ళలో విన్న మనిషి. తుట్టె చుట్టూ తేనెటీగలు తిరిగినట్టు జుమ్మని ఒక్క తీరుగా మోగాలి. దాని మీద ఆనుకొని మనిషి పాడాలి. రామేశ్వరమ్మ తంబూర రెప్పపాటు కాలం కూడా ఒక్క తీరుగా ఉండేది కాదు. తీగలను గిల్లేది, లాగేది, వేలిగోటితో తట్టేది. టంగు టకటంగు, టంగు టకటంగు అని, రేకుల మీద వడగండ్లు పడ్డట్టు. పాట ముందర పరుగెత్తుతుంటే తీగలు దాని మడమలు తొక్కుతూ తరిమేవి. వినేవాళ్ళకు ఊపిరాడేది కాదు. సుబ్బరత్నమ్మ మొదటిసారి విన్నప్పుడే ముఖం మీద అనేసింది.

"ఇదేం వాయింపే, దూదేకినట్టు?"

రామేశ్వరమ్మ పళ్ళన్నీ బయటపెట్టింది. తిట్టు తగిలితే గదా!

"సరిగ్గా కనుక్కున్యావు రెడ్డెమ్మా. దూదేకే సాయిబే నా గురువు."

అది నిజమే. ఆమె పుట్టిల్లు ఆదోని దగ్గర పత్తి నేలల్లో. తండ్రి కూడా కథలు చెప్పేవాడే, కానీ ఆడపిల్లను తంబూర ముట్టనిచ్చేవాడు కాదు. ఇంటి పక్కన పరుపులు కుట్టే సాయిబు ఒకడు పొద్దస్తమానం విల్లు వేలాడదీసి పత్తి ఏకుతుండేవాడు. విల్లుకు బిగించిన నరం మీద కొయ్య దెబ్బ పడితే టంగుమనేది; పత్తి పట్టుకుంటే టకామనేది; పత్తి విచ్చి ఎగిరితే మళ్ళీ టంగు. తల్లి పిలిచినా పలకకుండా ఈ పిల్ల ఆ గడప ముందర చేరి, మోకాలి మీద వేళ్ళతో అదే తాళం వేసుకునేది. జుట్టంతా దూది. లోకంలో ఆడపిల్లలు ముగ్గులు నేర్చుకుంటారు, దంచడం చెరగడం నేర్చుకుంటారు. ఈమె దూదేకడం నేర్చుకుంది, అదీ దూది లేకుండా.

పెళ్ళయ్యాక, రాత్రంతా కథ చెప్పి మొగుడు పగలు నిద్రపోతుంటే, "శ్రుతి చేస్తాండా" అనే సాకుతో తంబూరను ఒళ్ళో పెట్టుకొని సాయిబు తాళాన్ని దాని మీదికి ఎక్కించింది. ఇంక గొంతు సంగతంటారా, అబద్ధం చెప్పడం చేతకాని మనిషి గనుక సుబ్బరత్నమ్మ ఆ గొంతు గురించి మాట్లాడేదే కాదు. ఎవరైనా మాట తెస్తే, "జాతరలో పొట్టేళ్ళ అరుపు మీద కూడా వినపడతాదిలే," అని లేచిపోయేది.

దేవేంద్రప్ప గొంతు ఎట్లా పోయిందనేదానికి రెండు కథలున్నాయి. వాడు చెప్పుకునేది, ఓర్వలేని ఇంకో కథగాడు ఎవడో తాంబూలంలో సిందూరం పెట్టాడని. సిందూరం కడుపులోకి పోతే పాడేవాడి గొంతు పడిపోతుందని ఆ దిక్కున పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే పాడేవాళ్ళు పరాయి చేతి ఆకువక్క ముట్టరు. రెండో కథ ఊరు కళ్ళారా చూసింది. ఎద్దులతో బండ లాగించే పందెంలో, తనవి కాని ఎద్దుల కోసం, పొద్దున మొదలుపెట్టి పొద్దు గుంకేదాకా మిట్టెండలో నిలబడి గొంతు చించుకున్నాడు. ఆ ఎద్దులు ఓడిపోయాయి కూడా. సిందూరం పెట్టాలంటే పగవాడు కావాలి. దేవేంద్రప్ప మీద పగ పట్టేంత తీరిక ఎవరికుంది? అయినా ఊరు సిందూరాన్నే నమ్మింది, కళ్ళతో చూసినదాన్ని వదిలేసింది. రామేశ్వరమ్మ కూడా నమ్మింది. వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించింది. అహోబిలం తీసుకుపోయి నరసింహస్వామికి మొగుడి తలనీలాలు ఇప్పించింది. గుండు మిగిలింది. గొంతు రాలేదు.

సుబ్బరత్నమ్మకు ఆమె మీదున్న మంట మాత్రం ఇంకా ముందుది. అంతకు ముందు యేటి కరువులో సర్కారు వాళ్ళు ఊళ్ళో గంజి కేంద్రం పెట్టారు. గరిటె పట్టే పని సుబ్బరత్నమ్మకు అప్పగించారు. జనం ఎక్కువ, గంజి తక్కువ. వరుస చివర గోడ పట్టుకొని నిలబడిన ముసలివాళ్ళదాకా అందాలంటే ముందరివాళ్ళకు సగం గరిటెతో సరిపెట్టాలి. అది బుద్ధి ఉన్న మనిషి చేసే పని. వరుసలో రామేశ్వరమ్మ వచ్చింది. సత్తుచెంబు చాపింది. పోయించుకుంది. చెంబులోకి తొంగి చూసింది. తాగి పోవచ్చు గదా? వేళ్ళతో ఆ చెంబునే తట్టుతూ ఎత్తుకుంది.

"గంజి పోసే తల్లి సూడు, తందాన తాన
గాజుల సడి నిండుగుండె, తందాన తాన
గరిటె సూస్తే సగముండాది, తందాన తాన
గంజిలోన నా మొగముండాది, తందాన తాన!"

వరుస వరుసంతా తందాన అంది. ఆకలికి నిలబడలేనివాళ్ళకు తందాన అనే ఓపిక ఎక్కడినుంచి వచ్చిందో మారెమ్మకే తెలియాలి. పాట ఊరు దాటింది. కోసిగి స్టేషన్లో రైలెక్కింది. పత్తి తీసే పనికి రాయచూరు దిక్కు పోయినవాళ్ళు అక్కడా పాడారు. మరుసటి యేడు సుబ్బరత్నమ్మ పుట్టింటికి పోతే, కడపలో బస్సు కదిలేముందు ఒక గుడ్డివాడు ఎక్కి సరిగ్గా ఈ పాటే అందుకున్నాడు. పక్కన కూర్చున్న వదిన కడుపు పట్టుకొని నవ్వి, "ఎవతో మహాతల్లి, పిసినారి ముండ," అంది. సుబ్బరత్నమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సగం గరిటె ఎందుకో చెప్పాలంటే ఆ గరిటె తనదని ఒప్పుకోవాలి.

ఆనాటి నుంచి రామేశ్వరమ్మ ఊళ్ళో కథ పెట్టినప్పుడల్లా, సుబ్బరత్నమ్మ అందరికన్నా ముందర నులకమంచం వేయించుకొని కూర్చునేది. వినడానికి కాదు. తప్పులు పట్టడానికి.

కథలో తప్పులకేం కొదవ? పంచాయితీ గెలిచాక రామేశ్వరమ్మ నడుమ నిలబడి తంబూర పట్టింది. ఎడమ పక్క సుంకులమ్మ, తందాన పాడే వంత. కుడి పక్క దేవేంద్రప్ప, ఎగతాళి వంత. కథ చెప్పే మనిషిని నడుమ నడుమ ఆపి ఎద్దేవా చేయడం ఎగతాళి వంత పని. అట్లా ఎవరో ఒకరు తీసిపారెయ్యకపోతే కథకు దిష్టి తగిలి, చెప్పిన ఇల్లు ముడుచుకుపోతుందని ఆనవాయితీ. మొగుడు పెళ్ళానికి వంత! ఊరు కొన్నాళ్ళు దానికే నవ్వుకుంది. తరువాత నవ్వడానికి ఏమీ లేకపోయింది. దేవేంద్రప్ప ఎగతాళి పాచిపోయిన ఎగతాళి. యేడాది పొడుగునా అవే మాటలు, అదే కీచు. ఆ ఖాళీలో సుబ్బరత్నమ్మ నోరు పడేది.

కథలో రాణి అడవిలో ఏడుస్తుంది. రామేశ్వరమ్మ తీగలు ఆపి, కన్నీళ్ళు తుడుచుకొని చెబుతుంది, "ఏడ్చి ఏడ్చి ఆ తల్లి కండ్లనీల్లతో ఏడు కుంటలు నిండినాయంట!"

మంచం మీదనుంచి వచ్చేది, "ఆయమ్మను ఈడికి పిల్చకరాపో. మా బాయిలో నీల్లు అడుక్కు పాయ."

జనం గొల్లుమనేవాళ్ళు. రామేశ్వరమ్మ టకటంగుమని ఒక విదిలింపు విదిలించి, "రాణి వస్తాది రెడ్డెమ్మా, గంజి నిండు గరిటె పోస్తే!" అనేది. మళ్ళీ గొల్లు.

కొంతకాలానికి జనం కథకు వచ్చేముందు, "రెడ్డెమ్మ మంచం ఏసినారా?" అని అడిగి వచ్చేవాళ్ళు. వాళ్ళ తెలివి అంతే. తాను ఆ ఆడదాన్ని తూర్పారబడుతుంటే, వీళ్ళు దాన్ని కూడా కథలో కలుపుకొని వింటున్నారని సుబ్బరత్నమ్మకు రోత పుట్టేది. అయినా మంచం వేయించుకోవడం మానలేదు.

రాజధాని వచ్చాక రామేశ్వరమ్మను కర్నూలుకు పిలిచారు. ఏదో సభలో పల్లె కళలు చూపిస్తారట. వెళ్ళి వచ్చిన మరునాడే తయారు, పెరటి గోడ మీద మోచేతులు ఆనించి.

"రాజధానంటే ఏమనుకున్యావు రెడ్డెమ్మా? అంతా గుడ్డ! ఆపీసులన్నీ గుడారాలే. గాలి లేస్తే సర్కారోల్లు కాగితాల ఎంబడి పరిగెత్తుతాండారు. మైకు పెట్టేవాడు నా తంబూర ఇని, దీన్ని పక్కన పెట్టి ఊరికే పాడమన్యాడు, మైకు ఏడుస్తాదంట."

"పెట్టినావా?"

"ఏంటికి పెడతా? నువ్వే మైకు పక్కన పెట్టప్పా అన్యా. అది లేకుండానే పాడితి. గుడారాల కొసదాకా ఇనపడె."

"పొట్టేలు గొంతుకు మైకెందుకులే," అంది సుబ్బరత్నమ్మ. ఆ ముక్క పట్టుకొని రామేశ్వరమ్మ వారం తిరక్కముందే ఒక పదం కట్టింది, మైకులు లేని రాజ్యంలో పొట్టేలు మంత్రి అయినట్టు. సిగ్గు లేనివాళ్ళను తిట్టి ఏం లాభం? తిట్లను మూట కట్టుకొని పోయి వండుకు తింటారు.

ఇంకొన్నేళ్ళకు బ్లాకు ఆఫీసు నుంచి ప్యాంటు వేసుకున్న ఒకాయన జీపులో దిగి, ఎరువు గుంత తవ్వడం మీద కథ చెప్పమన్నాడు. దేశం దానివల్ల బాగుపడుతుందట. రామేశ్వరమ్మ చెప్పింది. రాణి అడవికి పోతూ దారిలో ఎరువు గుంతలో పడింది. దాని లోతెంతో, వెడల్పెంతో, పేడ ఎంత వేయాలో, ఆకు ఎంత వేయాలో లోపలినుంచే పాడి వినిపించింది. ప్యాంటాయన చాలా సంతోషించి జీపెక్కి పోయాడు. ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు గుంత తవ్వలేదు. కానీ పిల్లలందరికీ కొలతలు నోటికి వచ్చాయి. ఇదీ రామేశ్వరమ్మ వల్ల దేశానికి జరిగిన ఉపకారం.

ఇట్లా అయిదారు జాతరలు గడిచాయి. దీపాల వేళ తప్పలేదు. తిన్నగా అడిగితే తంబూర రాదని తెలుసుకోవడానికి నాగన్నకు అంతకాలం పట్టింది. యాభై ఎనిమిదిలో జాతర దగ్గర పడుతుండగా అన్న పక్కన చేరాడు.

"అన్నా, నీకు రోసముండాదా? పెండ్లాం ముందర పాడతాంటే పక్కన నిలబడుకోని వంత పాడతాండావు. ఆదోని దాకా నగుతాండారు."

ఇన్నేళ్ళూ ఆ వంత తిండే తిన్న దేవేంద్రప్పకు ఉన్నట్టుండి మీసం గుర్తొచ్చింది. జాతర నాడు పొద్దున, గుమ్మెట చంకన పెట్టుకొని, నాగన్న పంపిన బండెక్కి పక్కూరి ఎద్దుల పందేనికి వెళ్ళిపోయాడు. అరవడానికి గొంతు కూడా లేదు. ఏం చేస్తాడో అక్కడ. నాగన్న చిన్నదాన్ని కూడా పిలిచాడు.

"చిన్నొదినా, నువ్వూ రా. ఆమె ఎంబడి ఏముండాది?"

సుంకులమ్మ నోరు విప్పడం ఊళ్ళో చాలామంది అప్పుడే విన్నారు. "ఆయప్ప ఎంబడి వస్తే నాకు కూడు ఎవురు పెడతారు? నువ్వా? నీ ఇంట్లో నీకే సరిగ్గా పెట్టరు గదప్పా."

అట్లా ఒక వంత నిలిచింది. రెండోది పోయింది. నాగన్న గంజి పెట్టిన పంచె కట్టుకొని, మధ్యాహ్నానికే చావడిలో చేరి, తంబూర కోసం పెళ్ళికొడుకు మాదిరి కూర్చున్నాడు. "మాట మాటే గదా రెడ్డీ?" అంటే, నరసింహారెడ్డి తల ఊపాడు.

రామేశ్వరమ్మ ఊరంతా తిరిగింది. మగవాళ్ళను అడిగితే, ఆడదాని పక్కన వంతకా అని మీసాలు దువ్వుకున్నారు. ఆడవాళ్ళను అడిగితే, మా మొగుడు ఒప్పుకోడు అన్నారు. మొగుళ్ళను అడిగి చెప్పిన మాట కాదది, అడిగే పని తప్పించుకునే మాట. జాతరకు వచ్చిన చుట్టాల్లో కూడా ఒక్కరు లేరు. కథ వినేటప్పుడు తొక్కిసలాడే జనం, కథలో నిలబడమంటే ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు.

పొద్దు వాలుతుండగా ఆమె రెడ్డి ఇంటి పెరటి గుమ్మంలోకి వచ్చింది. సుబ్బరత్నమ్మ మారెమ్మకు పెట్టాల్సిన పిండి జల్లిస్తున్నది. తల ఎత్తకుండానే అంది.

"ఏమ్మే, దారి తప్పినావా? రాజధాని కర్నూలు ఇడిసి పాయ గాని, లేకుంటే ఆ గుడారాల్లోనుంచి ఒగ మంత్రిని పంపిస్తాండ్రి వంతకు."

రామేశ్వరమ్మ నోట్లో వక్కాకు లేదు. తంబూర భుజాన ఉంది కానీ వేళ్ళు దాని మీద లేవు. కూర్చోమనలేదు గనుక నిలబడే ఉంది.

"రెడ్డెమ్మా, ఈ పొద్దు తంబూర పోతాది."

"పోనీ. మీ తాతదా, మీ నాయనదా? వాల్లదే గదా."

"వాల్లదే. పత్తి తీసేదానికి రాయచూరు దిక్కు పోతా, కూలికి నాకు చేతులు లేవా? దానికి నేను ఏడ్చేది లేదు. నాగన్న దీన్ని యేం చేస్తాడో చెప్పు? గోడకు తగిలిచ్చి బూజు పట్టిస్తాడు. వాడు వాయించలేడు. అది నీకు తెల్సు, నాకు తెల్సు, వానికీ తెల్సు."

"నువ్వు మాత్రం వాయిస్తాండావా? దూదేకుతాండావు. ఆ రాణి ఏడ్చి ఏడ్చి చచ్చినా నీ దూదేకడం ఆగదు. ఇన్నేండ్లు చెప్తాండా, ఆ ఏడుపు కాడ రోంత నిదానంగా మీటు అని. ఇంటేగా?"

"సూస్తివా!" రామేశ్వరమ్మ గబుక్కున ముందుకు వచ్చి, జల్లెడ అవతల గొంతుక్కూర్చుంది. "ఇదే గావాల నాకు."

"ఏంది?"

"తందాన పాడేదానికి సుంకులు ఉండాది. నాకు గావాల్సింది ఎగతాళి చేసే నోరు. ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగి వస్తి. నీ యంత నోరు ఎవురికీ లేదు."

సుబ్బరత్నమ్మ చేతిలో జల్లెడ ఆగింది. పిండి మోచేతులదాకా తెల్లగా ఉంది. ముందు ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వు వెనక కోపం వచ్చింది.

"నేనా? నరసింహారెడ్డి పెండ్లాము, కడప ఆడబిడ్డ, జాతర నడుమ నీ పక్కన నిలబడల్లనా? మతి ఉండే మాట్లాడతాండావా? నీకు నేను వంతనా?"

"వంత అనుకోవద్దు. నన్ను మెచ్చుకోమని అడిగితినా? నాకు తెలీదా నీకు నేనంటే ఎంత మంటో. ఆ మంటకే అడుగుతాండా."

"రెడ్డి ఏమంటాడు?"

"రెడ్డి తల ఊపుతాడు," అంది రామేశ్వరమ్మ. "నువ్వు కడాకు మాట్లాడితే సాలు."

ఇంతటి మాట తన మొగుణ్ణి గురించి వేరొకతె అంటే సుబ్బరత్నమ్మ చెంప పగలగొట్టి ఉండేది. నిజం గనుక ఊరుకుంది. చావడి దిక్కున డప్పులు మొదలయ్యాయి. ఎవరో దీపాలకు ఒత్తులు, నూనె అడుగుతూ కేకలేస్తున్నారు.

రామేశ్వరమ్మ గొంతు తగ్గించింది.

"ఇను రెడ్డెమ్మా. మొదట గంజి పాటే ఎత్తుకుంటా. ఆ గరిటె ఎవురిదో జనానికి తెల్సు. సగం ఏంటికి పోసినావో ఎవురికీ తెలీదు. నాకూ మల్లెప్పుడో తెలిసె. కడాకు నిలబడిన ముసిలోల్లు చెప్పిరి, నిండు గరిటె అయితే మాదాకా వచ్చేదే కాదు అని. పాటయితే అప్పుటికే రైలెక్కి పాయ, యాడని తిప్పుకోని వచ్చేది? దానికి జవాబు నీ కడుపులో ఇన్నేండ్లుగా కుతకుతలాడతాంది. నేను నా పాట పాడతా. నువ్వు అడ్డం పడు, నా నోరు మూయించు, అందరి ముందర చెప్పు. నేను రోసం పడను. నా గొంతును పొట్టేలు అను, నా తంబూరను దూది అను, నా రాణిని బాయిలో తొయ్యి. ఇన్నాల్లూ మంచం మీద కూర్చోని తిట్టినావు. ఈ పొద్దు దీపాల యాలకు నా కుడి పక్కకు రా రెడ్డెమ్మా, నిలబడుకోని తిట్టు."